కరకట్ట మీంచి కాక్‌పిట్‌కి

సాయంత్రం ఐదు దాటాక తోట్లవల్లూరు కరకట్ట మీద నిలబడితే సూర్యుడు కృష్ణకి అవతలి ఒడ్డున దిగుతుంటాడు. కట్టకి ఇటు అరటి తోటలు, కంద చేలు. అటు ఏటి మధ్యలో లంకలు. పాములలంక వైపు నుంచి గడ్డిమోపులు వేసుకుని వచ్చే పడవ రేవు దగ్గర పడేసరికి చీకటి పడుతుంది. ఆ వేళకే గన్నవరంలో దిగబోయే విమానం ఒకటి దీపాలు వెలిగించుకుని దూరంగా కిందికి వాలుతూ కనిపిస్తుంది. నేను చిన్నప్పుడు కూడా ఇక్కడే నిలబడి చూసేవాణ్ణి. అప్పట్లో అది ఎప్పుడో ఒకసారి వచ్చేది. ఇప్పుడు రోజూ వస్తోంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పక్కింటి అన్నయ్య కూతురు నా పక్కనే నిలబడి ఆ విమానాన్నే చూస్తోంది. ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. లెక్కల్లో గట్టి పిల్ల.

"బాబాయ్, దాన్ని నడిపేవాళ్లు ఏం చదువుతారు?" అంది.

"ఎంపీసీయే చదువుతారు అమ్మడూ."

"ఆ తర్వాత?"

ఆ తర్వాత ఏమిటో నాకు తెలియదు. అదే ఇంజినీరింగు గురించి అడిగితే గుక్కతిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. అమెరికాలో ఎమ్మెస్‌కి ఏం చెయ్యాలంటే మా ఊళ్లో కిరాణా కొట్టాయన కూడా చెబుతాడు. ఏ స్కోరుకి ఏ యూనివర్సిటీ వస్తుందో, బ్యాంకులోన్‌కి ఏ కాగితాలు కావాలో, వీసా స్లాటు కోసం రాత్రి ఎన్ని గంటలకి కంప్యూటర్ ముందు కూర్చోవాలో ఈ డెల్టాలో ప్రతి ఇంటికీ కంఠతా. ఎకరం అమ్మి కొడుకుని విమానం ఎక్కించిన తండ్రులు ఊరికి పది మంది ఉంటారు. విమానం ఎక్కించడం మనకి బాగా తెలుసు. దాన్ని నడపడానికి పిల్లల్ని పంపడం ఎలాగో మాత్రం ఎవరూ మనకి చెప్పలేదు, మనమూ అడగలేదు.

ఆ పిల్ల అడిగింది కాబట్టి నేను తెలుసుకున్నాను. తెలుసుకున్నది ఆ ఒక్క పిల్లకే చెప్పి ఊరుకోవడం తప్పనిపించి ఇది రాస్తున్నాను.

పదిహేడేళ్లకి బెజవాడ నుంచి

అన్నీ దివ్య పేరు చాలామంది వినే ఉంటారు. ఆమె పుట్టింది పఠాన్‌కోట్‌లో. నాన్న సైన్యంలో పనిచేశారు. ఆయన ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబం విజయవాడలో స్థిరపడింది. ఆమె చదువూ అక్కడే సాగింది. పదిహేడేళ్లకి ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్ వెళ్లి ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉరాన్ అకాడమీలో చేరింది. విమానయానంలో ఉన్నవాళ్లు దాన్ని ఇగ్రువా అంటారు. 1985లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన పైలట్ల బడి అది. పంతొమ్మిదేళ్లకి శిక్షణ ముగించి ఎయిర్ ఇండియాలో చేరింది. ఇరవై ఒకటికి లండన్ వెళ్లి బోయింగ్ 777 నడపడం నేర్చుకుంది. 2017లో, ముప్పై ఏళ్ల వయసులో, ఆ విమానానికి కమాండర్ అయింది. ప్రపంచంలో బోయింగ్ 777కి కమాండర్ అయిన మహిళల్లో అందరికంటే చిన్నది ఆమేనని అప్పుడు పత్రికలన్నీ రాశాయి.

నన్ను పట్టుకున్నది ఆ రికార్డు కాదు. ఫుర్సత్‌గంజ్‌లో ఆమె మొదటి రోజులు. ఇంగ్లీషు సరిగ్గా రాదని తోటివాళ్లు ఏడిపించారని, వెనక్కి వెళ్లిపోదామా అనుకున్నానని తర్వాత ఇంటర్వ్యూల్లో ఆమే చెప్పింది. ఫీజు కోసం అమ్మానాన్నలు అప్పు చేశారు. తర్వాత శిక్షణలో స్కాలర్‌షిప్ సంపాదించుకుంది. తోట్లవల్లూరుకీ విజయవాడకీ మధ్య గంట ప్రయాణం. ఆమె చదివిన బళ్లు, తిరిగిన వీధులు మనవే. అక్కణ్ణించి ఒక అమ్మాయి వెళ్లగలిగిందంటే దారి ఉన్నట్టే.

ఆ దారిలో మెట్లు ఇవి. పదహారేళ్లు నిండి, పదో తరగతి పాసైతే స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌కి అర్హత వస్తుంది. పదిహేడు నిండి, నలభై గంటలు ఎగిరితే ప్రైవేట్ పైలట్ లైసెన్స్. అది సొంతానికి నడుపుకోవడానికే, జీతం తీసుకోవడానికి పనికిరాదు. పద్దెనిమిది నిండి, రెండు వందల గంటలు ఎగిరి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు పాసైతే కమర్షియల్ పైలట్ లైసెన్స్, అందరూ సీపీఎల్ అనేది. దానికి ఇంటర్‌లో ఫిజిక్సు, లెక్కలు ఉండాలి. బైపీసీ చదివి తర్వాత మనసు మార్చుకున్నవాళ్లు ఓపెన్ స్కూల్లో ఆ రెండు సబ్జెక్టులూ రాసి వస్తుంటారు. అంటే మన దగ్గర ఓటు హక్కు వచ్చే వయసుకే ఒక పిల్లో పిల్లాడో జీతానికి విమానం నడిపే లైసెన్సు చేతికి తెచ్చుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది డబ్బు.

అడ్డుగోడ

ఇగ్రువాలో ఇప్పుడు కోర్సు ఫీజు దాదాపు 45 లక్షలు. హాస్టలు, పుస్తకాలు, యూనిఫాం దానికి అదనం. సీపీఎల్ చేతికొచ్చాక ఎయిర్‌బస్ నడపాలంటే ఎయిర్‌బస్‌కి, బోయింగ్ నడపాలంటే బోయింగ్‌కి విడిగా టైప్ రేటింగ్ చెయ్యాలి. దానికి ఇంకో పది పదిహేను లక్షలు పైమాటే. పొలం ఉన్న రైతుకే గుండె ఆగే మొత్తం ఇది. మా అన్నయ్య కౌలు రైతు. ఏటి పక్కన అరటి, కంద వేస్తాడు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.4 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలినప్పుడు ఇక్కడి లంకలన్నీ మునిగాయి. గెలలు కోతకొచ్చిన అరటి బురదలో పడుకుంది. ఆ కంద దుంప కుళ్లిన వాసన తోటల్లో చాలా రోజులు పోలేదు. అలాంటి ఇంట్లో కూర్చుని 45 లక్షల మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

అదే వారం బెజవాడలో నీట మునిగిన సింగ్ నగర్ మేడల మీదికి హెలికాప్టర్లు అన్నం పొట్లాలు జారవిడిచాయి. టీవీలో అది చూసి ఆ పిల్ల "అంత కింద నిలిపి ఉంచడం ఎలా కుదురుతుంది నాన్నా?" అని అడిగిందట. ఆ మాట మా అన్నయ్య నాకు చెప్పేటప్పుడు అతని గొంతులో పంట పోయిన దిగులు కాసేపు లేదు.

ఈ డబ్బు గోడ మన దగ్గర మాత్రమే ఉన్నది కాదు. విమానం పుట్టిన అమెరికాలోనూ ఉంది. వాళ్లు దానికి తలుపు పెట్టుకున్నారు. అక్కడి హైస్కూళ్లలో మన ఎన్‌సీసీ లాంటి జేఆర్‌ఓటీసీ ఉంది. 2018 నుంచి అమెరికా వైమానిక దళం ఆ కేడెట్లలో కొందరిని ఎంపిక చేసి వేసవి సెలవుల్లో ఎనిమిది వారాలు ఒక యూనివర్సిటీకి పంపుతోంది. తిండీ బసా, విమానం, ఇన్‌స్ట్రక్టరు అన్నీ దళం ఖర్చే. ఎనిమిది వారాలు ముగిసేసరికి పదిహేడేళ్ల పిల్లలు ప్రైవేట్ పైలట్ లైసెన్సుతో ఇంటికెళ్తారు. ఆ తర్వాత సైన్యంలో చేరి తీరాలన్న షరతు కూడా లేదు. పిల్లలకి ఆకాశం అలవాటైతే దేశానికి పైలట్ల కొరత ఉండదని వాళ్ల లెక్క.

ఇంకోటి నాకు ఇంతకంటే నచ్చింది. ఈఏఏ అని అక్కడి విమాన ప్రియుల సంఘం ఉంది. ఊరూరా దానికి శాఖలున్నాయి. పదహారు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల్లో ఒకరిని ఊరి శాఖే ఎంచుకుని, శిక్షణకి పది వేల డాలర్లకి పైగా స్కాలర్‌షిప్ ఇప్పిస్తుంది. డబ్బు ఒక్కసారే ఇవ్వరు. మెట్టు మెట్టుకీ ఇస్తారు. ఒంటరిగా ఎగిరితే ఒక విడత, పరీక్ష పాసైతే ఇంకో విడత. పిల్లాడు డీలా పడితే శాఖలో పెద్దవాళ్లు వెంటబడి మళ్లీ విమానం ఎక్కిస్తారు. మన ఊళ్లలో రచ్చబండ దగ్గర పదిమంది పెద్దలు పూనుకుని ఒక పిల్లాణ్ణి హాస్టల్లో పెట్టి చదివించిన రోజులున్నాయి. ఇదీ ఆ పద్ధతే. విమానం ఒక్కటే కొత్త.

ఒక పదిహేడేళ్లవాడు, నాలుగు స్పార్క్ ప్లగ్గులు

మన దేశంలో కుర్రాళ్లకి ఆకాశం తలుపు తెరిచిన పందెం ఒకటి తొంభై ఏళ్ల కిందటే జరిగింది. భారత్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్య ఒంటరిగా, గడువులోగా విమానం నడిపే మొదటి భారతీయుడికి 500 పౌన్లు ఇస్తానని ఆగాఖాన్ ప్రకటించాడు. 1930లో ముగ్గురు బరిలోకి దిగారు. ఒకరు జేఆర్‌డీ టాటా. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరి 10న ఈ దేశంలో మొదటి పైలట్ లైసెన్సు తీసుకున్నవాడు. రెండోవాడు మన్‌మోహన్ సింగ్ అనే పైలట్. మూడోవాడు ఆస్పీ ఇంజినీర్. అతనికి పదిహేడేళ్లు.

జేఆర్‌డీ కరాచీ నుంచి ఇంగ్లండ్ వైపు బయల్దేరాడు. ఆస్పీ ఇంగ్లండ్ నుంచి కరాచీ వైపు. ఇద్దరూ ఈజిప్టులో అబూకీర్ దగ్గర ఎదురుపడ్డారు. ఆస్పీ అక్కడ చిక్కుకుపోయి ఉన్నాడు. ఇంజనుకి స్పార్క్ ప్లగ్గులు పాడయ్యాయి, మారుద్దామంటే దగ్గర లేవు. జేఆర్‌డీ తన దగ్గరున్నవి తీసి ఇచ్చాడు. ఆస్పీ బదులుగా తన లైఫ్ జాకెట్ అతని చేతిలో పెట్టాడు. పందెం ఆస్పీ గెలిచాడు, అదీ కొద్ది గంటల తేడాతో. ఆ ప్లగ్గులు ఇవ్వకపోతే జేఆర్‌డీయే గెలిచేవాడేమో. తోటలో స్ప్రేయర్ మోటారు మొరాయించినప్పుడు ప్లగ్గు విప్పి, మసి తుడిచి, పక్క చేను వాణ్ణి ఇంకోటుందా అని అడిగిన ప్రతి రైతుకీ ఆ క్షణం ఎలాంటిదో తెలుసు. ఆ ఆస్పీ ఇంజినీరే 1960లో భారత వైమానిక దళానికి అధిపతి అయ్యాడు.

మన హైదరాబాదు వాటా కూడా చెప్పుకోవాలి. నిజాం రోజుల్లో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ 1947లో ప్రేమ్ మాథుర్‌ని పైలట్‌గా ఉద్యోగంలోకి తీసుకుంది. మన దేశంలో కమర్షియల్ విమానం నడిపిన మొదటి మహిళ ఆమే. ఎన్నో కంపెనీలు కాదన్నాక ఆమెని రమ్మన్నది మన నేల మీది కంపెనీ. ఇప్పుడు దేశంలోని పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్లు. ప్రపంచ సగటు 5 శాతం దగ్గరే ఉంది. ఈ ఒక్క విషయంలో మనం ప్రపంచానికి మూడింతలు ముందున్నాం.

సగం దారిలో ఆగిన మెట్టు

హైదరాబాద్ పాతబస్తీ అమ్మాయి సయ్యదా సల్వా ఫాతిమా కథ ప్రతి ప్రభుత్వ అధికారీ ఒకసారి చదవాలి. నాన్న బేకరీలో పనిచేసేవాడు. పైలట్ కావాలనుకుంటున్నానని ఆమె చెబితే ఒక పత్రిక సంపాదకుడు ముందుకొచ్చి చేయూతనిచ్చాడు. బేగంపేటలోని అప్పటి ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో శిక్షణ తీసుకుని సీపీఎల్ సంపాదించింది. అక్కడితో కథ అయిపోవాలి. కాలేదు. విమానయాన సంస్థలు రెండు ఇంజన్ల విమానం నడిపిన అనుభవం అడిగాయి. దానికి మళ్లీ లక్షలు కావాలి. చేతిలో లైసెన్సు పెట్టుకుని ఇంట్లో కూర్చుంది. చివరికి తెలంగాణ ప్రభుత్వం 35.5 లక్షలు మంజూరు చేశాక ఆ మిగిలిన శిక్షణ ముగిసి, కాక్‌పిట్‌లో కూర్చోగలిగింది.

సగం సాయంతో ఏ పిల్లా ఒడ్డుకి చేరదని ఇది చెబుతోంది. పడవ ఏటి మధ్యలోకి తీసుకెళ్లి వదిలేస్తే దాన్ని దాటించడం అనరు. కేంద్రం ఎస్సీ విద్యార్థుల ఉన్నత చదువుకి పెట్టిన పథకంలో పైలట్ శిక్షణని చేర్చింది. సంతోషమే. అయితే ఆ మార్గదర్శకాల్లో ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బులో చేరినవాళ్లకి ఏడాదికి 3.72 లక్షలే గరిష్ఠమని రాశారు. నలభై అయిదు లక్షల చదువుకి అది ఎంత దూరం వస్తుంది? గుజరాత్ వెనుకబడిన వర్గాల పిల్లలకి పాతిక లక్షల దాకా నాలుగు శాతం వడ్డీకి పైలట్ లోన్ ఇస్తోంది. కేరళలో ఎస్సీ, ఎస్టీ పిల్లల పైలట్ శిక్షణకి ప్రభుత్వం ఫీజు కడుతోంది.

మన రాష్ట్రం నుంచి ఈ పదీ పన్నెండేళ్లలో ఇద్దరు కేంద్ర పౌర విమానయాన మంత్రులయ్యారు. విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు, ఇప్పుడు శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు. గన్నవరానికి అంతర్జాతీయ హోదా వచ్చింది. 2023లో ఇండిగో ఒక్కటే 500 విమానాలకి ఆర్డరిచ్చింది, ఎయిర్ ఇండియా 470కి. వాటిని నడిపేవాళ్లు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. వాళ్లలో కొందరు కృష్ణా జిల్లా నుంచి, కౌలు ఇళ్ల నుంచి రావాలని నా కోరిక. జిల్లాకి ఇద్దరంటే ఇద్దరు. సర్కారు కాలేజీలో ఇంటర్ ఎంపీసీ పాసైన ఇద్దరిని ఏటా పరీక్ష పెట్టి ఎంపిక చేసి, మొదటి రోజు నుంచి టైప్ రేటింగ్ దాకా ఖర్చంతా పెట్టుకునే స్కాలర్‌షిప్ ఒకటి ఉండాలి. ఒక ఊరికి వేసే సిమెంటు రోడ్డుకయ్యే ఖర్చు అంతకంటే తక్కువేం కాదు. రోడ్డు వద్దని నేను అనను. ఇది కూడా కావాలంటున్నాను.

రూపాయి ఖర్చులేని దారి

అంతవరకు పిల్లలు కూర్చుని ఎదురుచూడక్కర్లేదు. ఒక దారి ఎప్పటి నుంచో ఉంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ, అంటే ఎన్‌డీఏ. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల పిల్లలు యూపీఎస్సీ పరీక్ష రాయొచ్చు. ఏటా రెండుసార్లు జరుగుతుంది. వైమానిక దళానికైతే ఇంటర్‌లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు ఉండాలి. రాత పరీక్ష దాటితే సైన్యం ఎంపిక బోర్డు ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ అయిదు రోజులు. పైలట్ కావాలంటే అక్కడ కంప్యూటర్ మీద పెట్టే ఎంపిక పరీక్ష ఒకటుంది. దాన్ని జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. తప్పితే మళ్లీ లేదు. అందుకే తయారు కాకుండా సరదాకి వెళ్లొద్దని అన్నీ తెలిసినవాళ్లు చెబుతారు. ఎంపికైతే మూడేళ్లు ఖడక్‌వాస్లాలో చదువు, ఆపైన మన దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. తల్లిదండ్రులు ఫీజు కట్టక్కర్లేదు.

2021లో సుప్రీంకోర్టు చెప్పేదాకా ఈ గేటు ఆడపిల్లలకి మూసే ఉండేది. మరుసటి ఏడాది మొదటి బ్యాచ్ అమ్మాయిలు లోపలికి వెళ్లారు. 2025 మే 30న పదిహేడు మంది బయటికి వచ్చారు. దుండిగల్ నుంచి 2016లోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఫైటర్ పైలట్లుగా ఎంపికయ్యారు. ఇప్పుడు ఇంటర్ తర్వాత నేరుగా ఆ బాట పట్టొచ్చు. కోరుకొండ, కలికిరి సైనిక పాఠశాలల్లో ఆరో తరగతికే ఆడపిల్లల్ని తీసుకుంటున్నారు. డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో సీ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లకి వైమానిక దళంలో వేరే కోటా ఉంది. ఈ సంగతులన్నీ సర్కారు కాలేజీ నోటీసుబోర్డు మీద ఈఏపీసెట్ తేదీల పక్కన కనిపించాలి.

చూపు గురించి చాలామందికి అనవసర భయం ఉంది. కళ్లజోడు ఉంటే పైలట్ కాలేమనుకుంటారు. గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్లకి చూపు తక్కువై అమెరికా వైమానిక దళం ఆశ వదులుకోవాల్సి వచ్చింది. ఆమె ఇంజినీరై 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షం అంచుకి వెళ్లొచ్చింది. సైన్యంలో నిబంధనలు గట్టివే. పౌర విమానయానంలో మాత్రం అద్దాలతో సరైన చూపు వస్తే చాలు. రంగులు గుర్తుపట్టలేకపోతేనే ఇబ్బంది. విజయవాడలో పుట్టిన గోపి తోటకూర, 2024 మే 19న బ్లూ ఆరిజిన్‌లో అంతరిక్షానికి వెళ్లినాయన, కారు నడపడం కంటే ముందు విమానం నడపడం నేర్చుకున్నాడట. ఈ ఇద్దరూ కృష్ణకి ఇటొకరు అటొకరు.

ఇక్కడే ఇంకొకటి చెప్పాలి. అరటి తోటల మీదా వరి చేల మీదా మందు కొడుతున్న డ్రోన్లు నడపడానికీ లైసెన్సు ఉంది. పదో తరగతి పాసై, పద్దెనిమిది నిండితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కి వెళ్లొచ్చు. గుంటూరు లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం శిక్షణ ఇస్తోంది. కొద్ది రోజుల కోర్సు. అదీ ఆకాశంతో పనే. గాలి ఎటు వీస్తోందో, ఎంత ఎత్తులో ఉండాలో, బ్యాటరీ ఎప్పుడు చాలించమంటుందో దాని మీదే నేర్చుకోవచ్చు.

గొట్టంలో నీలం

శిక్షణ విమానం దగ్గర ఉదయం పూట ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. సెస్నా 172 చాలా బళ్లలో కనిపించే విమానం. 1956 నుంచి తయారవుతోంది. లోకంలో దీనంత సంఖ్యలో తయారైన విమానం ఇంకోటి లేదు. ఖాళీగా ఉన్నప్పుడు ముప్పావు టన్నుకి కాస్త పైన బరువు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు ట్రక్కు మీది లోడులో అదొక చిన్న వాటా.

ఎక్కే ముందు విద్యార్థి చుట్టూ తిరిగి ఒక్కో భాగం చేత్తో తడిమి చూడాలి. రెక్క చివర నుంచి మొదలుపెట్టి, తోక దాకా వెళ్లి, మళ్లీ ముక్కు దగ్గరికి రావాలి. రెక్క కింద ఇంధనం ట్యాంకు అడుగున చిన్న కవాటం ఉంటుంది. పిల్లలు ఒక గాజు లాంటి గొట్టం దానికి ఆనించి పైకి నొక్కుతారు. కొంచెం పెట్రోలు గొట్టంలోకి దిగుతుంది. దాన్ని వెలుతురుకి ఎదురుగా ఎత్తి పట్టుకుని చూస్తారు. ఆ ఇంధనం లేత నీలం. అడుగున తేలకుండా బుడగలా నిలిచిన రంగులేని చుక్క కనిపిస్తే అది నీళ్లు. రాత్రి మంచుకి ట్యాంకులో చేరి ఉంటుంది. నీళ్లు పోయేదాకా తీస్తూనే ఉండాలి. డీజిల్లో నీళ్లు కలిస్తే నడి చేలో ట్రాక్టరు ఆగిపోతుంది. ఆకాశంలో ఆగితే దిగి నడిచి వెళ్లడానికి గట్టు ఉండదు. ప్రతి ఉదయం, ప్రతి విమానానికి, వెయ్యి గంటలు ఎగిరినవాళ్లు కూడా ఈ గొట్టం వెలుతురుకి పట్టుకుని చూస్తారు.

తర్వాత సర్క్యూట్లు. ఎగరడం, ఎడమకి తిరగడం, రన్‌వేకి సమాంతరంగా వెళ్లడం, మళ్లీ తిరిగి దిగడం. దిగీ దిగగానే మళ్లీ ఎగరడం. రోజుల తరబడి ఇదే. ఒకరోజు ఇన్‌స్ట్రక్టరు విమానం ఆపించి, బెల్టు విప్పుకుని, తలుపు తీసి కిందికి దిగిపోతాడు. ఒక్కడివే వెళ్లిరా అంటాడు. ఎంత ఎదురుచూసిన రోజైనా ఆ పక్క సీటు ఖాళీ అయ్యేసరికి గుండె ఒక్కసారి ఝల్లుమంటుందని పైలట్లు చెబుతారు. మనిషి బరువు తగ్గడంతో విమానం అలవాటైన దానికంటే ముందే నేల వదిలేస్తుంది. అప్పుడు తిరిగొచ్చి దిగడం తప్ప చెయ్యడానికి ఇంకేమీ ఉండదు. దిగాక మన దేశంలో బక్కెట్టు నీళ్లు తల మీద కుమ్మరిస్తారు. అమెరికాలో చొక్కా వెనక అంచు కత్తిరించి, తేదీ రాసి గోడకి కొడతారు.

ఇందులో ప్రమాదం లేదని నేను రాయను. 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో ఒక శిక్షణ విమానం కూలిపోయింది. ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ పైలట్, తమిళనాడు అమ్మాయి, అక్కడికక్కడే చనిపోయింది. ఏ తల్లి అయినా ఈ వార్త గుర్తుచేసి వద్దంటే నా దగ్గర సమాధానం లేదు. పిల్లల్ని పంపేవాళ్లు అకాడమీకి వెళ్లి, విమానాలు ఎన్ని ఉన్నాయో, వాటికి మరమ్మతు ఎవరు చేస్తారో, నెలకి ఎన్ని గంటలు ఎగరనిస్తారో అడిగి తెలుసుకోవాలి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకూడదు. డబ్బు కట్టేసి విమానం లేక, ఇన్‌స్ట్రక్టరు లేక నెలలు నెలలు హాస్టల్లో కూర్చున్న పిల్లలు ఉన్నారు. లాగ్‌బుక్కులో గంటలు కనబడాలి.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఉగాదికి మళ్లీ ఊరెళ్లాను. మా అన్నయ్య అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. 45 లక్షల మాట దగ్గర తల దించుకున్నాడు. ఎన్‌డీఏ మాట దగ్గర ఎత్తాడు. "అది సైన్యం కదరా, ఆడపిల్లని పంపాలా?" అన్నాడు. వదిన మాట్లాడలేదు. లోపలికి వెళ్లి టీ తెచ్చింది. గ్లాసు నా చేతికిచ్చేటప్పుడు "ముందు దానికి కళ్లు బాగున్నాయో లేదో చూపించండి" అంది.

మరునాడు పొద్దున్నే ఉయ్యూరు వెళ్లాం. కళ్ల డాక్టరు దగ్గర ముందు అక్షరాల పలక చదివించారు. తర్వాత ఒక పుస్తకం తెరిచారు. ప్రతి పేజీలో ఎర్రవీ పచ్చవీ కలగలిసిన చుక్కల గుండ్రం, దాని మధ్యలో దాగిన ఒక అంకె. చాలా పేజీల్లో రంగులు విడిగా కనబడేవాళ్లకే ఆ అంకె సరిగ్గా కనిపిస్తుంది. పిల్ల కుర్చీ అంచున కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. డాక్టరు పేజీ తిప్పుతున్నారు.

"పన్నెండు."

"ఊఁ."

"ఎనిమిది. ఇరవై తొమ్మిది. అయిదు."

అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడి, తనకి కనిపిస్తున్నాయో లేదో అన్నట్టు మెడ చాచి ఆ పుస్తకంలోకి చూస్తున్నాడు.

"డెబ్బై నాలుగు" అంది పిల్ల. డాక్టరు పుస్తకం మూసి, చీటీ రాయడానికి పెన్ను క్యాపు తీశారు.